వచ్చే నెల నుంచి నా దగ్గర పద్ధతులు మారుతున్నాయి

అనంతపురంలో నా దగ్గరికి పీర్ సపోర్ట్ కోసం, అంటే మానసిక జబ్బు తానూ పడి లేచిన మనిషి తోడు కోసం వచ్చేవాళ్ళకూ, వాళ్ళను పంపించే ఇంటివాళ్ళకూ ఇది రాస్తున్నా. ఇన్నాళ్ళూ ఎవరు ఏది అడిగితే అప్పటికప్పుడు నోటిమాటగా చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు వచ్చేవాళ్ళు పెరిగారు. ఒకరికి ఒక మాట, ఇంకొకరికి ఇంకో మాట అయితే న్యాయం కాదు. అందుకే ఒకటో తారీఖు నుంచి అందరికీ ఒకటే పద్ధతి, అదీ కాగితం మీద.

ముందు నా పనేంటో చెప్తా. నేను డాక్టర్ని కాదు, సైకాలజిస్టునీ కాదు. మనసు కొన్నాళ్ళు విపరీతంగా ఉప్పొంగి, కొన్నాళ్ళు బాగా కుంగిపోయే బైపోలార్ జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చి, మందులు వాడుతూ, నా బతుకు నేను మళ్ళీ నిలబెట్టుకున్న మనిషిని. అలాంటి కష్టంలో ఉన్నవాళ్ళకు తోడుగా ఉండడమే నా పని. అందుకే "అక్కా, మాత్ర సగం చేసుకుంటే ఏమన్నా అయితాదా?" అని అడిగితే నేను జవాబు చెప్పను. బైపోలార్‌కు ఇచ్చే లిథియం మందు సంగతే చూడండి. మన ఎండలకు చెమట పోసి ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో అది పెరిగిపోతుంది, చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి. భయపడి ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. ఎంత వాడాలో రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. డాక్టర్ని ఏమేం అడగాలో మీతో కూర్చుని రాయిస్తా. కావాలంటే సర్వజన ఆసుపత్రి ఓపీ దాకా తోడొస్తా.

ఇక ఎక్కువ గొడవ వచ్చే విషయం. చాలామందికి ఫీజు ఇంటివాళ్ళే కడతారు. అన్న బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటాడు, ఫోన్‌పేలో డబ్బు వేస్తాడు, సాయంత్రానికి ఫోన్ చేస్తాడు: "మావాడు ఏం చెప్పినాడక్కా? మాత్రలు మింగుతాండాడా? ఆ పిల్లతో ఇంకా మాట్లాడుతాండాడా?" తమ్ముడి మీద ఆయనకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. అయినా చెప్పను. ఆ తమ్ముడు నా ముందు కూర్చుని నోరు విప్పడానికే వారాలు పడుతుంది. చెప్పింది ఇంటికి చేరిందని తెలిస్తే ఇక విప్పడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్, తన జబ్బు వివరాలు, వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మనిషికి ఇచ్చింది. అదే చట్టం 14వ సెక్షన్ కింద, మైనరు కానివాళ్ళు ఎవరైనా తమ తరఫున ఒక ప్రతినిధిని ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి ఒప్పుకుంటే, ఎంచుకునే మనిషే తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెట్టాలి. ఆ స్థానం అన్నకు కావాలంటే తమ్ముడినే అడగాలి. తమ్ముడు సరేనంటే ముగ్గురం ఒకచోట కూర్చుని మాట్లాడుకుందాం, దానికి నేనెప్పుడూ సిద్ధమే.

సంబంధాలు చూసేవాళ్ళ ఫోన్లు కూడా వస్తుంటాయి. "ఆ పాప మీ దగ్గరికొస్తాదంట కదమ్మా, ఉన్నదున్నట్టు చెప్పండి, మా పిల్లోని జీవితం" అంటారు. వస్తుందనీ చెప్పను, రాదనీ చెప్పను. నా మొహం కూడా చూడని అమ్మాయి గురించి అడిగినా ఇదే జవాబు. రానివాళ్ళ గురించి "రాదు" అని చెప్పడం మొదలుపెడితే, వచ్చే అమ్మాయి గురించి నేను మాట్లాడకుండా ఉన్న రోజు ఆ మౌనమే ఆమెను పట్టిస్తుంది.

సప్తగిరి సర్కిల్‌లోనో, ఏ పెళ్ళిలోనో మీరు ఎదురుపడితే నేనుగా పలకరించను. దయచేసి మనసులో పెట్టుకోవద్దు. మీరు పలకరిస్తే సంతోషంగా మాట్లాడతా.

ఒక్కచోట మాత్రం గోప్యత పక్కన పెడతా. మీ ప్రాణానికో, మీవల్ల ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని అనిపిస్తే మీ ఇంటి మనిషికి ఫోన్ చేస్తా, అవసరమైతే 108ని పిలుస్తా. ఎవరికి చేయాలో ఆ పేరు, నంబరు మొదటి రోజే మీతోనే రాయించుకుంటా. వీలైనంతవరకు మీకు చెప్పాకే చేస్తా.

ఫోన్, వాట్సాప్ ఉదయం 9 నుంచి రాత్రి 7 దాకా. ఆ తర్వాత నా ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది. దీనికి కొందరు నొచ్చుకుంటారని తెలుసు, అందుకే కారణం దాచకుండా చెప్తున్నా. నా జబ్బుకు నిద్ర తప్పడమే పెద్ద గండం. వరసగా నిద్ర లేకపోతే నేను మళ్ళీ ఆసుపత్రి మంచమెక్కాల్సి వస్తుంది, అప్పుడు మీలో ఎవరికీ పనికిరాను. రాత్రి తట్టుకోలేనట్టుంటే 14416కి చేయండి. అది మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్‌లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు పడదు, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరును ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రాత్రి రెండింటికి, గుండె దడదడలాడుతుంటే వెతుక్కోవడం చేతకాదు.

మనం కూర్చునేది 50 నిమిషాలు, ఫీజు 400. రాలేకపోతే ముందురోజు సాయంత్రం లోపల చెప్పండి. చెప్పకుండా మానేస్తే సగం పడుతుంది. కళ్యాణదుర్గం, ఉరవకొండ నుంచి వచ్చేవాళ్ళ బస్సు ఆలస్యమైతే దానికేమీ లేదు. వాన పడి చెనక్కాయ విత్తనం వేసే రోజు రాలేమన్నా అంతే, పైసా అడగను. ఆ పదును పోతే ఏడాది పంట పోతుందని ఈ జిల్లాలో ఎవరికి తెలీదు?

ఫీజు కట్టలేనివాళ్ళకు గురువారం ఉదయం ఉంచాను. ఎందుకు కట్టలేరో చెప్పాల్సిన పని లేదు, "గురువారం వస్తా" అంటే చాలు. పండినవాటిలో పిడికెడు తెచ్చి పెడితే కళ్ళకద్దుకుంటా. ఫీజు బదులు సంచి దించితే మాత్రం తీసుకోను, మీ ఇంటికి అవి కావాలి. చేబదులు ఇవ్వను, అడగను. విడాకుల కేసుల్లో ఏ పక్షానికీ సాక్షిగా రాను.

ఈసారి వచ్చినప్పుడు ఇవన్నీ రాసిన కాగితం చేతికిస్తా. చదవడం రానివాళ్ళకు నేనే చదివి వినిపిస్తా. ఏదైనా కుదరదనిపిస్తే అక్కడే చెప్పండి, మాట్లాడుకుందాం. ఇక రాకూడదనుకుంటే ముందుగా కట్టిన డబ్బు ఆ రోజే వెనక్కిచ్చేస్తా.