రావులపాలెం బస్టాండులో కలిసిన అన్నయ్యకి

అన్నయ్యా, మీ పేరు అడిగేలోపే అమలాపురం బస్సు కదిలిపోయింది. అందుకే ఇలా రాస్తున్నాను.

నా చేతిలో కవరు చూసి "కువైటేనా తమ్ముడూ?" అని మీరే పలకరించారు. సెలవు మీద ఇంటికెళ్తున్న మనిషి, ఎంత తొందర ఉంటుంది! అయినా సూట్‌కేసు పక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకుని నా కాగితాలన్నీ చదివారు. విజిట్ వీసా మీద పని చేయకూడదన్నారు. టెన్త్ పాసవ్వని వాళ్లది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన) పాస్‌పోర్టనీ, కువైట్‌లో ఉద్యోగానికి వెళ్లాలంటే ముందే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తీసుకోవాలనీ విడమరిచి చెప్పారు. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లుండే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో మా ఏజెంటు పేరు మీ ఫోన్‌లోనే వెతికారు. లేదు. ఆ టెన్షన్‌లో నాకు నోట మాట రాలేదు. మీరే టీ ఇప్పించారు. విదేశాల్లో పనికెళ్లే వాళ్ల కోసం ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షల ప్రమాద బీమా ఉంటుందని, ఒప్పందం కాపీ ఒకటి అమ్మ దగ్గర ఉంచమని కవరు వెనకాల రాసిచ్చారు.

ఇప్పుడు సరైన వీసా మీదే వచ్చి డ్రైవర్‌గా చేస్తున్నాను. జీతం నెలనెలా వస్తోంది. మా ఊరి కుర్రాళ్లు ఎవరు బయల్దేరినా మీరు చెప్పినవే చెబుతున్నాను.

మీకు చాలా రుణపడి ఉన్నాను అన్నయ్యా. రాజోలు వైపు వస్తే మా ఇంట్లో భోజనం చేసే వెళ్లాలి. అమ్మ మరీమరీ చెప్పమంది.