విషయం: పుస్తకం అట్ట మీద తిరగేసి వేసిన నా ఫొటో, ఇప్పటికీ రాని జవాబు

కాంట్రిబ్యూటర్ల విభాగం మేనేజర్ గారికి,

మీ ఫొటో ఏజెన్సీ ద్వారా పుస్తకాల అట్టలకు ఫొటోలు ఇచ్చే నేను మీకు రాస్తున్న ఆరో ఉత్తరమిది. ముందరి ఐదింటికీ ఒకటే జవాబు వచ్చింది: "మీ ఫిర్యాదు అందింది, 48 గంటల్లో మా ప్రతినిధి సంప్రదిస్తారు." అది మిషను పంపే జవాబు. జనవరిలో మొదలుపెట్టాను, ఇప్పుడు ఏప్రిల్. ఒక్క మనిషీ సంప్రదించలేదు.

జరిగింది మళ్లీ మొదటి నుంచి చెబుతాను. మీ దగ్గర ఫోనెత్తిన ప్రతివాళ్లకీ మొదటి నుంచే చెప్పాల్సొచ్చింది, అలవాటైపోయింది. సంక్రాంతికి ముందు నందనం వైఎంసీఏ మైదానంలో బుక్ ఫెయిర్‌కి వెళ్లాను. ఒక స్టాల్లో, ఒక నవల అట్ట మీద మా పెద్దమ్మ కనబడింది. తడ దగ్గర ప్రళయకావేరిలో, అదే పులికాట్ సరస్సులో, పిక్కల్లోతు నీళ్లలో నెత్తిన తట్టతో నడుస్తుంటే వెనక నుంచి నేను తీసిన ఫొటో. చూడగానే సంతోషంతో చేతులు వణికాయి. మళ్లీ చూస్తే కుడి ఎడమలు తారుమారు చేసి అచ్చేశారు. పైట కుడి భుజం మీద నుంచి వేలాడుతోంది. వెనక అట్ట మడత మీద మీ కంపెనీ పేరుంది, నా పేరు లేదు. మీరు మూడు నెలలకోసారి పంపే స్టేట్‌మెంట్‌లో ఆ అమ్మకమే లేదు.

ఫొటోను అట్టకు సరిపడా కత్తిరించినందుకు గొడవ పడడం లేదు. అట్టల కోసమే తీసేవాణ్ని. పుస్తకం పేరు పట్టాలని పైన ఆకాశం వదులుతాను, చదివేవాళ్లు తమకు తోచిన మనిషిని ఊహించుకోవాలని మొహం చూపించను. నేనడిగింది ఒక్కటే: ఎన్ని కాపీలకు, ఎన్నేళ్లకు, ఏ దేశంలో అమ్ముకోవడానికి హక్కిచ్చారు? రైట్స్ మేనేజ్డ్ లైసెన్సులో, అంటే ఒక్కో వాడకానికి విడిగా హక్కిచ్చే పద్ధతిలో, ధర కట్టేదే వాటిని బట్టి కదా. ఆ ఒక్క ముక్క మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఫోన్ చేశాను. మొదట ఎత్తినమ్మాయి నా ఐడీ రాసుకుని, అమ్మకాలు ముంబై టీం చూస్తుందని నంబరిచ్చింది. ముంబైలో ఎత్తినాయన కాంట్రిబ్యూటర్ల సంగతి చెన్నైదేనన్నాడు. చెన్నైకి మళ్లీ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి లైన్ కట్టయింది. మూడో రోజు ఇంకొకాయన, "ఆ ఫొటో మీదేనని రుజువేంటి?" అన్నాడు. మీ సైట్లో నా పేరు కిందే ఉన్న ఫొటోకి, పదకొండేళ్లుగా మీ దగ్గరున్న మనిషిని రుజువడిగారు. ఇచ్చాను. కెమెరాలోంచి వచ్చిన అసలు రా ఫైలు, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు, తన ఫొటో వాడుకోవచ్చని పెద్దమ్మ వేలిముద్ర వేసిన మోడల్ రిలీజ్ కాగితం, అన్నీ పంపాను. లింకు ఏడు రోజులే ఉంటుందని ఎర్రక్షరాల్లో రాశాను. పదో రోజు, "లింకు తెరుచుకోవడం లేదు, మళ్లీ పంపగలరు" అని వచ్చింది. మళ్లీ పంపాను. మర్నాడే నా ఫిర్యాదు టికెట్ మూసేసి, "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్చిలో నుంగంబాక్కంలో మీ ఆఫీసుకే వచ్చాను. రిజిస్టరులో సంతకం పెట్టి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాను. మీరు మీటింగులో ఉన్నారన్నారు. ఒంటిగంటకు మీరు నా ముందు నుంచే భోజనానికి వెళ్లారు. "ఆయనే సారు" అని రిసెప్షన్ అమ్మాయి చెప్పి నేను లేచేలోపే లిఫ్టు మూసుకుంది. నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే విని, మీ ఆఫీసు కుర్రాడొకడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నెల్లూరు వైపు వాడట. "అన్నా, కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపు. మెయిళ్లు ఎవురూ చూడరు" అన్నాడు. మూడు నెలల్లో మీ కంపెనీ నుంచి నాకందిన సాయం అదొక్కటే. దయచేసి ఆ అబ్బాయిని ఏమీ అనకండి.

2015 డిసెంబరు వరదల్లో వేళచ్చేరిలోని మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చినప్పుడు, బియ్యం డబ్బా కంటే ముందు హార్డ్ డిస్కులు మేడ మీదికి చేర్చాను. కరెంటొచ్చిన రోజే మీరడిగిన ఫైళ్లు పంపాను, ప్రెస్సు వాళ్లు ఆగరని మీరన్నారు కాబట్టి. బెంగళూరు ఏజెన్సీ ఒకటి ఎక్కువ వాటా ఇస్తానన్నా, మీకు మాటిచ్చానని వెళ్లలేదు. అప్పుడు నా ఫోన్ నంబరు మీ అందరి దగ్గరా ఉండేది.

పెద్దమ్మకు చూపిద్దామని సూళ్లూరుపేట లోకల్ ఎక్కి వెళ్లాను. తన బొమ్మ పుస్తకం మీదికి ఎక్కుతుందని ఎన్నేళ్లుగానో ఎదురుచూసింది. అట్ట దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది నేను కాదులేరా. పైట అట్టా నేనెప్పుడేసుకున్నా?" అని పక్కన పెట్టేసింది.

కాపీరైటు చట్టం, 1957లోని 57వ సెక్షను ప్రకారం, హక్కులు రాసిచ్చేసినా సరే ఫొటో తీసింది తానేనని చెప్పుకునే హక్కు తీసినవాడికి ఉంటుంది. ఇలాంటి కేసుల కోసం మద్రాసు హైకోర్టులో ప్రత్యేక విభాగమే ఉంది. ఈ నెలాఖరులోగా ఆ లైసెన్సు కాపీ, నా వాటా డబ్బు, తర్వాతి ముద్రణలో బొమ్మ సరిచేసి నా పేరు వేయిస్తామన్న హామీ నాకు చేరాలి. చేరకపోతే లాయరు నోటీసు వస్తుంది. మీ దగ్గరున్న నా 212 ఫొటోలూ వెనక్కి తీసుకుంటాను. అట్టల కోసం ఫొటోలు తీసే మిగతావాళ్లకీ ఈ ఉత్తరం చూపిస్తాను.

జవాబు కింద ఒక మనిషి పేరూ సంతకమూ ఉండాలి. "సపోర్ట్ టీం" అని వచ్చిన జవాబును జవాబుగా లెక్కపెట్టను.

ఇట్లు,
అట్ట మీదున్న ఆ ఫొటో తీసినవాణ్ని,
వేళచ్చేరి, చెన్నై