న్యాయం కోసం చెన్నై దాకా వెళ్లాలా? మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రివర్యులకు,

నమస్కారాలు. సైన్యంలోని న్యాయ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బొల్లారంలో ఉంటున్నాను. మీకు మూడు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

1950 నాటి సైనిక చట్టం ప్రకారం సమ్మరీ కోర్టు మార్షల్‌లో, అంటే జవాన్లను యూనిట్‌లోనే క్లుప్తంగా విచారించే సైనిక కోర్టులో, కమాండింగ్ ఆఫీసరు ఒక్కరే కోర్టు. జవాను తరఫున వాదించే లాయరు ఉండడు. ఆ ఫైళ్లు పరిశీలనకు నా బల్ల మీదికి వచ్చేవి. ఒకదానిలో, నేరం ఒప్పుకున్నాడన్న కాగితం మీద జవాను సంతకమే లేదు. శిక్ష చెల్లదని రాశాను. పైవారికి నచ్చలేదు. (నా ప్రమోషన్ సంగతి వదిలేయండి.)

2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్, అంటే కోర్టు మార్షల్ శిక్షల మీద, సర్వీసు వివాదాల మీద సైనికులు వెళ్లగలిగే న్యాయస్థానం, వచ్చింది, సంతోషం. కానీ తెలంగాణ కేసులు చెన్నై బెంచ్ పరిధిలో ఉన్నాయి. మొన్న ఒక జవాను తల్లి మా ఇంటికొచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో మడతల దగ్గర చిరిగి సెల్లోటేపు అతికించిన డిశ్చార్జి పుస్తకం. "చెన్నై అంటే రాత్రంతా రైలు. నాకు అరవం రాదు సారూ" అంది.

సికింద్రాబాద్‌లో శాశ్వత బెంచ్ ఏర్పాటు చేయించండి. అంతవరకు ప్రతి నెలా ఇక్కడే విచారణలు జరిగేలా చూడండి. ఈ లేఖకైనా లిఖితపూర్వకంగా జవాబివ్వండి.

భవదీయుడు,
ఒక మాజీ సైనిక న్యాయాధికారి