ఒక్కటే చాలినప్పుడు ఇద్దరెందుకు?

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్లో మీ అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదురా. "బాబాయ్, ఒక్క జీవే పిల్లల్ని పుట్టించగలిగితే మళ్లీ ఆడా మగా ఎందుకు?" అంది. తొందరలో ఏదో చెప్పాను కానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా నూతి పక్కన అమృతపాణి అరటి గుర్తుందా? నాన్న తెచ్చి పాతింది ఒక్కటే పిలక. గెల కొట్టడం, బోదె నరకడం, పక్కన లేచిన పిలకను ఉంచడం, అన్నేళ్లూ ఇదే పని. విత్తనం లేదు, పుప్పొడితో పని లేదు. తల్లి ఎలాంటిదో పిల్లా అచ్చం అలాంటిదే. అమ్మాయి పుస్తకంలో అలైంగిక ప్రత్యుత్పత్తి అంటున్నది దీన్నే. తోడు పెట్టిన పాలు తెల్లారేసరికి పెరుగయ్యేదీ ఇలాగే, బ్యాక్టీరియా ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలిపోతూ. జోడీ కోసం వెతుక్కునే పని లేదు కాబట్టే అంత వేగం. అమ్మాయితో ఒక రణపాల ఆకు తెప్పించి తడి మట్టి మీద పెట్టించు. కొన్నాళ్లకు ఆకు అంచు గంట్లలోంచి వేళ్లతో సహా బుల్లి మొక్కలు లేస్తాయి.

అంత సుఖంగా ఉన్న అరటికి పోయినేడు కష్టం వచ్చింది. ముందు కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కి, కాడ దగ్గర విరిగి వేలాడాయి. తర్వాత బోదె మొదట్లో నిలువునా పగిలింది. దుంప కోసి చూస్తే లోపల ఎర్రటి గోధుమ రంగు చారలు. పనామా తెగులు. మట్టిలో ఉండే బూజు వేళ్లలోంచి ఎక్కి నీటి దారులు మూసేస్తుంది. ఒక్క పిలకైనా మిగులుతుందని ఎదురు చూశాను. మిగల్లేదు. అన్నీ ఒకే మొక్క నకళ్లు కదా, ఒకదాన్ని చంపగలిగింది అన్నిటినీ చంపగలదు. చాలా బాధేసిందిరా.

వేరే దేశాల తోటల్లోనూ ఇదే జరిగింది. లాటిన్ అమెరికా తోటల్లో అప్పట్లో గ్రో మిషెల్ అనే ఒకే రకం అరటి. 1950, 60ల నాటికి ఈ తెగులు వాటిని తుడిచిపెట్టేసింది. దాని బదులు కావెండిష్ వచ్చింది, మన గ్రాండ్ నైన్ కూడా ఆ జాతిదే. ఇప్పుడు ఆ తెగులులోనే టీఆర్4 అనే కొత్త రకం కావెండిష్‌నూ పట్టుకుంది, 2019లో కొలంబియాలోనూ బయటపడింది. అరటికి తప్పించుకునే దారి తక్కువ. పండును అడ్డంగా కోసి మధ్యలోని నల్ల చుక్కలు చూడు, అవి గింజలు కాలేకపోయినవి. మనం తినే చాలా అరటి రకాల్లో ఒక్కో క్రోమోజోము (తల్లిదండ్రుల లక్షణాల్ని మోసే పోగు) మూడేసి ప్రతుల్లో ఉంటుంది. గింజ కట్టాలంటే వాటిని ముందు సగానికి పంచాలి. మూడింటిని సమంగా రెండు భాగాలు చేయడం కుదరదు, అందుకే గింజ కట్టదు.

మామిడి సంగతి వేరు. ఒక్కో పూత గుత్తిలో వందల పూలు, ఈగలు వాలాలి, పుప్పొడి అంటాలి, ఇంతా చేస్తే నిలిచేది ఒకటో రెండో కాయలు. ఎంత ఖర్చు! కానీ తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం పేకముక్కల్లా కలిసి వచ్చే దాదాపు ప్రతి టెంకా కొత్తదే. కొత్త తెగులు వస్తే కొన్ని పోయినా కొన్ని నిలబడొచ్చు. నా దృష్టిలో అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మన పాత మామిడి రకాలు చాలావరకు ఏదో ఒక టెంక నుంచి లేచిన ఒంటరి చెట్టుతో మొదలైనవే. ఆ రుచి పోగొట్టుకోలేక మనవాళ్లు అంట్లు కట్టారు. అంటు కట్టిన బంగినపల్లి బంగినపల్లే అవుతుంది, టెంక పాతితే మాత్రం ఏమవుతుందో చెట్టే చెప్పాలి.

అరటి పోయిన చోటికి కాస్త దూరంలో ఈ వేసవిలో ఐదు టెంకలు పాతాను. అన్నీ ఒకే చెట్టు కాయలవి. మూడు మొలిచాయి. ఒకదాని చిగురు ముదురు రాగి రంగు, మిగతా రెండూ లేత ఆకుపచ్చ. కాపుకు ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. దసరా సెలవులకు అమ్మాయిని తీసుకురా, వాటికి పేర్లు తనే పెట్టాలి.

నీ
రవి