పర్మిట్ చూపించి పైసలు అడగండి

సంపాదకుడి గారికి,

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో హిమాలయ సరస్సుల ఫొటోలు మొదలవుతాయి. ‘ఆరు రోజులు, టెంటు, భోజనం, పర్మిట్ అన్నీ కలిపి’ అని కింద ఒక రేటు ఉంటుంది. అందులోని ‘పర్మిట్’ అనే మాట గురించే ఈ ఉత్తరం. పోయినేడు ఆ మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

నాకు 57 ఏళ్లు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రూప్‌కుండ్ చూడాలన్నది ఎప్పటి కోరికో. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, 5,000 మీటర్లు దాటిన ఎత్తులో ఉంటుంది ఆ చిన్న మడుగు. ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టే ఉంటుంది. మంచు కరిగితే ఒడ్డున మనుషుల ఎముకలు బయటపడతాయి. 1942లో ఒక అటవీ ఉద్యోగి వాటిని చూశాక బయటి ప్రపంచానికి తెలిసింది. వాళ్లంతా ఒకేసారి వడగళ్లవానకు పోయారని చాలాకాలం చెప్పుకున్నారు. 2019లో 38 మంది ఎముకల డీఎన్ఏ ఫలితాలు వచ్చాక ఆ కథ చెదిరిపోయింది. కొందరు వెయ్యేళ్లకు పైగా కిందటివాళ్లు, ఇంకొందరు సుమారు 200 ఏళ్ల కిందటివాళ్లు. ఈ రెండో గుంపు మూలాలు తూర్పు మధ్యధరా ప్రాంతంలో ఉన్నాయట! అంత దూరం నుంచి ఆ మడుగు దాకా ఎందుకు వచ్చారో! 12 ఏళ్లకోసారి నందాదేవిని శివుడి దగ్గరికి, అంటే అత్తారింటికి, సాగనంపే రాజ్‌జాత్ యాత్ర కూడా ఆ దారినే వెళ్తుంది. మనకు పుష్కరాలు ఎట్లాగో అక్కడివాళ్లకు అది. నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడుస్తుందట.

నాలుగు నెలలు మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగాను. ఆదివారాలు భువనగిరి కోటకు వెళ్లాను. బుకింగ్ పని మా అక్క కొడుకు చూశాడు. పర్మిట్ సంగతేంట్రా అంటే, “అంతా వాళ్లే చూసుకుంటరట చిన్నమ్మా, నువ్వు మంచి బూట్లు కొనుక్కో” అన్నాడు. కొన్నాను. డబ్బు మొత్తం ముందే కట్టాం. కాఠ్‌గోదాంలో రైలు దిగి, రోజంతా జీపులో ఊగి, నడక మొదలయ్యే లోహాజంగ్ చేరాక, రాత్రి భోజనాల దగ్గర నిర్వాహకులు చల్లగా చెప్పారు. రూప్‌కుండ్‌కు వెళ్లనివ్వడం లేదు, బ్రహ్మతాల్ తీసుకెళ్తాం, అదీ సరస్సే కదా మేడం, అని. ట్యాంక్‌బండ్ చూపిస్తామని ఎక్కించుకుని సరూర్‌నగర్ చెరువు కట్ట మీద దింపి, ఇవీ నీళ్లే కదా అన్నట్టుంది.

ఆ రాత్రి ఫోన్లో వెతికితే తెలిసింది. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో, అంటే కొండల మీది పచ్చిక బయళ్లలో, రాత్రి బస చేయకూడదని, రోజుకు 200 మందికి మించి పంపకూడదని ఆదేశించింది. ఆలీ, బేద్నీ బుగ్యాళ్ల దారిలో ఎక్కడా టెంటు వేయకుండా రూప్‌కుండ్ చేరడం మామూలు మనుషుల వల్ల కాదు. దాంతో ట్రెక్కే ఆగిపోయింది. ఇదంతా ఏళ్ల కిందటి సంగతి. మాకు హైదరాబాద్‌లో కూర్చుని అమ్మింది అసలు పుట్టని పర్మిట్!

కోర్టు మీద నాకు కోపం లేదు. ఆ ఎత్తులో గడ్డి పెరిగేది ఏడాదికి కొన్ని నెలలే, మిగతాదంతా మంచు. వారాల తరబడి టెంటు వేసిన చోట, కంచరగాడిదల గిట్టల కింద, అది మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది. హద్దు పెట్టడం మనకూ కొత్త కాదు. నల్లమలలో సలేశ్వరానికి చైత్ర పున్నమప్పుడు కొద్ది రోజులే దారి వదులుతారు. లింగమయ్య దగ్గరికి వెళ్లేవాళ్లు ఏడాదంతా ఆ రోజుల కోసమే కాచుకుంటారు. అయితే లోహాజంగ్‌లో మాకు టీ పోసినావిడ, ట్రెక్కు ఆగాక కొడుకు పని వెతుక్కుంటూ ఢిల్లీ పోయాడని చెప్పింది. తలుపు మొత్తం మూసేకన్నా, లెక్కగట్టి, పేర్లు రాసుకుని పంపితే మేలని నా అభిప్రాయం.

అసలు భయం మర్నాడు వేసింది. తెల్లవారకముందే బయల్దేరితే ఎవరూ చూడరు, కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది అని ఒక గైడు మాలోని కుర్రాళ్ల చెవిలో వేశాడు. నలుగురు బ్యాగులు సర్దుకున్నారు కూడా. పాత క్లాస్‌రూం గొంతు బయటికి తీసి ఆపాల్సి వచ్చింది. పర్మిట్ అంటే సినిమా టికెట్ అనుకుంటున్నారు మనవాళ్లు. కొండ మీద ఎవరున్నారో కిందివాళ్లకు తెలిపే కాగితం అది. 2024 జూన్‌లో ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ దారిలో ఎక్కువగా కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. మిగిలినవాళ్ల కోసం వైమానిక దళం హెలికాప్టర్లు వెళ్లాయి. దొంగదారిన వెళ్లిన నలుగురి కోసం ఎవరు, ఎక్కడని వెతుకుతారు?

ఆరు రోజుల లెక్క గురించీ ఒక మాట చెప్పాలి. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు. 5,000 మీటర్ల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకన్నా ఎక్కువ పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ డాక్టర్లు చెబుతారు. ఆఫీసులో వారం సెలవే దొరుకుతుందని ఆ ఆగే రోజునే కోసేస్తున్నారు. సెలవు దొరకలేదని ఊపిరితిత్తులు సర్దుకుపోతాయా!

తమిళనాడు 2024లో తన కొండదారులు నలభైని ఆన్‌లైన్ బుకింగ్ కిందికి తెచ్చింది. సిక్కింలో గురుడోంగ్మార్ సరస్సుకు వెళ్లాలంటే ఫొటో, గుర్తింపు కార్డు ఇచ్చి పేరు మీద పర్మిట్ తీసుకోవాలి. దారులు మన రాష్ట్రంలో లేకపోవచ్చు, టికెట్లు అమ్ముతున్నది మాత్రం మన ఊళ్లోనే. అందుకే మన పర్యాటక శాఖను అడుగుతున్నాను. హైదరాబాద్‌లో ట్రెక్కులు అమ్మేవాళ్లను రిజిస్టర్ చేయండి. మనిషి పేరు మీద పర్మిట్ చూపించేదాకా అడ్వాన్సు తప్ప పైసా తీసుకోవద్దనండి. పర్మిట్ రాకపోతే ఆ అడ్వాన్సూ వెనక్కివ్వాలి, ఇంకో సరస్సు అంటగట్టకూడదు. రోజువారీ ఎత్తు, ఆగే రోజు కరపత్రం మీదే అచ్చు వేయాలి. భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014లో, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. అదే గుట్ట దగ్గర మాలాంటి మామూలు జనానికి ఒక ఆదివారం కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పేవాళ్లుంటే ఎంత బాగుండు.

నా డబ్బు సంగతి వినియోగదారుల కమిషన్‌లో తేల్చుకుంటాను. మొన్న మా అక్క కొడుకు సెప్టెంబరు కోసం ఇంకో సరస్సు ఫొటో పంపాడు. ముందు పర్మిట్ ఎవరిస్తారో, ఎవరి పేరు మీద ఇస్తారో రాతపూర్వకంగా అడగమన్నాను. రెండు వారాలైంది. రోజూ రేటు తగ్గిందని మెసేజీ వస్తోంది గానీ, అడిగినదానికి జవాబు రాలేదు.

ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్