ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం: భోపాల్‌లో ఆ 25 నిమిషాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం సంక్రాంతి సెలవుల కబురుతో మొదలుపెడదామనుకున్నాను. కానీ శనివారం సాయంత్రం నుంచి మన క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో "భోపాల్‌లో బాబు తప్పిపోయాడట" అన్న మాట తిరుగుతూనే ఉంది. నిన్న గేటు దగ్గర ఒక అమ్మగారు నన్ను ఆపి "రెండు గంటలు కనబడలేదట కదా మేడమ్" అన్నారు. ఈపాటికి అది మూడు గంటలై ఉంటుంది. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

8, 9 తరగతుల పిల్లలు 42 మందిని అయిదుగురు టీచర్లం భోపాల్‌లోని భారత్ భవన్ అనే కళాకేంద్రం చూపించడానికి తీసుకెళ్లాం. శనివారం మధ్యాహ్నం మూడున్నరకు బస్సు ఎక్కించే ముందు లెక్కపెడితే 41 మందే ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టాం, 41. ఎనిమిదో తరగతి బాబు ఒకడు లేడు. వెతికి పట్టుకునేసరికి 25 నిమిషాలు పట్టింది. వాడు గేటు దాటి ఎక్కడికీ పోలేదు. చెరువు వైపు దిగే మెట్ల మీద ఒక గోడ పక్కన కూర్చుని బొమ్మ వేసుకుంటున్నాడు. పొరపాటు మాదే. పిల్లల్ని ఇద్దరిద్దరుగా జతలు కట్టి ఉంటే ఇది జరిగేది కాదు, ఇకముందు అలాగే చేస్తాం. వాడి అమ్మానాన్నలకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. వాళ్లు నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నవాళ్లంతా వేరే పిల్లల తల్లిదండ్రులు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. బాబు దొరక్క ముందే ఈ వార్త సికింద్రాబాద్ చేరిపోయింది. ఎలా? పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వొద్దని సర్క్యులర్‌లో రాశాం, దాని కింద మీరు సంతకం కూడా పెట్టారు. అయినా పులిహోర డబ్బా కింద, స్వెటర్ మడతలో, ఒకచోట సాక్సులో కూడా ఫోన్లు దొరికాయి. మొత్తం ఏడు. మీ ఆదుర్దా నాకు అర్థమవుతుంది, నేనూ ఒక తల్లినే. కాకపోతే పిల్లాణ్ణి మేం వెతుకుతుంటే, ఇంకోపక్క నా ఫోన్‌కు హైదరాబాద్ నుంచి పదకొండు కాల్స్ వచ్చాయి. అవన్నీ ఎత్తుకుంటూ కూర్చుంటే వెతికేదెవరు?

ఇక "కాంక్రీటు మెట్లు చూపించడానికి భోపాల్ దాకా వెళ్లాలా, ఏ వాటర్ పార్కుకో తీసుకెళ్తే సరిపోయేది కదా" అని గ్రూపులో రాసిన నాన్నగారికి నా జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

భారత్ భవన్ ఉన్న శ్యామలా హిల్స్ కొండ మీద బస్సు దిగగానే పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న "బిల్డింగ్ ఎక్కడ మేడమ్?" అని. వాళ్ల తప్పేం లేదు, రోడ్డు మీంచి చూస్తే అక్కడ భవనమే కనబడదు. పైన తోటలా ఉంటుంది, పిట్టగోడలు కనిపిస్తాయి, అంతే. భవనమంతా కొండవాలు వెంబడి మెట్లు మెట్లుగా కిందికి, పెద్ద చెరువు వైపు దిగిపోతుంది. మనం ఎక్కడికైనా పైకెక్కి వెళ్తాం కదా, ఇక్కడ దిగుతూ లోపలికి వెళ్లాలి. దారిలో నేలలోకి దిగిన ముంగిళ్లు వస్తాయి, వాటి చుట్టూ గ్యాలరీలు. ఒక ముంగిట్లో నిలబడితే పక్క ముంగిలి కనబడదు. మా వాడు కనబడకపోవడానికి సగం కారణం ఇదే! లోపల గదులకు వెలుతురు పైనుంచి, కప్పులో కట్టిన కాంక్రీటు గూళ్లలోంచి పడుతుంది. బయట ఎండలో నడిచి లోపలికి అడుగుపెడితే పాత మండువా ఇంట్లోకి వచ్చినట్టు ఉంది నాకైతే.

దీన్ని కట్టిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా. 1930లో ఎక్కడ పుట్టారో తెలుసా? మన సికింద్రాబాద్‌లోనే. మన ఊళ్లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ ఆఫీసు భవనం కూడా ఆయన డిజైనే, 1960లలో కట్టారు. మన మూడో నంబరు వ్యాను రోజూ ఈసీఐఎల్ చౌరస్తా మీదుగానే వస్తుంది. అందులో వచ్చే పిల్లలు పన్నెండు మందిని అడిగాను, ఒక్కరికీ ఆయన పేరు తెలియదు. టీచర్లలో ఎంతమందికి తెలుసో చెప్పకపోవడమే మంచిది.

భారత్ భవన్ 1982 ఫిబ్రవరి 13న మొదలైంది, ఇందిరా గాంధీ ప్రారంభించారు. అందులో రూపంకర్ అని ఆధునిక చిత్రాల మ్యూజియం ఉంది. దాన్ని తీర్చిదిద్దిన చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ ఒక పట్టు పట్టారు: నగరాల్లో పేరున్న చిత్రకారుల పనీ, అడవి పల్లెల్లో గోడల మీద బొమ్మలేసేవాళ్ల పనీ ఒకే కప్పు కింద, ఒకే మర్యాదతో ఉండాలని. అందుకోసం ఊళ్లు తిరిగి రమ్మని మనుషుల్ని పంపారు. అలా పాటన్‌గఢ్ అనే ఊళ్లో ఒక గుడిసె గోడ మీద బొమ్మలు చూసి వెంట తీసుకొచ్చిన కుర్రాడే జన్‌గఢ్ సింగ్ శ్యామ్. చుక్కలతో, సన్నటి గీతలతో ఒళ్లంతా నిండిన ఆయన జింకలు, పక్షులు, దేవతలు 1989లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే పెద్ద కళా మ్యూజియం దాకా వెళ్లాయి.

భూరీ బాయి సంగతి చెప్తుంటే పిల్లలు చప్పుడు చేయకుండా విన్నారు. మా స్టాఫ్‌రూమ్ కూడా అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ ఉండదు. ఆమె మధ్యప్రదేశ్‌లోని ఝాబువా జిల్లాలో భిల్లు తెగ ఆడపడుచు. భారత్ భవన్ కడుతున్నప్పుడు అక్కడే కూలిపని చేసింది. స్వామినాథన్ గారు మీ ఇళ్ల గోడల మీద వేసే బొమ్మలు కాగితం మీద వేసి చూపించమంటే, "బొమ్మలేస్తూ కూర్చుంటే నా కూలి ఎవరిస్తారు?" అని అడిగిందట. నేనిస్తానన్నారట ఆయన. ఏ భవనానికి రాళ్లెత్తిందో అదే భవనంలో ఇవాళ ఆమె బొమ్మలున్నాయి. 2021లో పద్మశ్రీ వచ్చింది.

అయ్యా, అమ్మా, ఇక్కడ నన్ను కాస్త గట్టిగా మాట్లాడనివ్వండి. పోయిన పేరెంట్స్ మీటింగులో ముప్పై మంది దాకా "డ్రాయింగ్ పీరియడ్ తీసేసి ఇంకో మ్యాథ్స్ పెట్టండి" అని రాసిచ్చారు. వారానికి ఉన్నదే ఒకటి. అందులోనూ పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారుకు, సిలబస్ మిగిలితే సైన్స్ మేడమ్‌కు అప్పిస్తున్నాం, ఆ అప్పు ఎవరూ తీర్చిన పాపాన పోలేదు. ఉదయం అయిదింటికి ట్యూషన్, సాయంత్రం ఫౌండేషన్ కోర్సు, ఆదివారం టెస్టు. పిల్లాడు తన కళ్లతో ఒక వస్తువును అయిదు నిమిషాలు ఊరికే చూసేది ఎప్పుడు? కూలికొచ్చిన మనిషిని పిలిచి, నీ చేతిలో ఏముందో చూపించమ్మా అని అడిగినవాడు ఒకడున్నాడు కాబట్టి భూరీ బాయి ఉంది. మన పిల్లల్ని ఆ మాట మనం ఒక్కసారైనా అడిగామా? నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆ పీరియడ్ ఎక్కడికీ పోదు. ఈ సోమవారం నుంచి దాన్ని అప్పివ్వడం కూడా బంద్.

అన్నట్టు, డ్రాయింగ్ హోంవర్క్ మీరు వేసి పంపకండి. అమ్మ గీసిన గీత ఏదో, పిల్ల గీసిన గీత ఏదో మాకు ఇట్టే తెలిసిపోతుంది. నెట్ సెంటర్ ప్రింటవుట్ అయితే చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు ఆ బాబు విషయం. 25 నిమిషాల తర్వాత నేను కోపంగా వెళ్లి నిలబడితే వాడు తలెత్తి "నీడ ఇంకా కదుల్తోంది మేడమ్" అన్నాడు. పిట్టగోడ నీడ మెట్ల మీద ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి, పక్కన టైమ్ రాస్తున్నాడు. ఒంటి గంట నుంచి మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది గీతలు. మెట్టు అంచు దగ్గర నీడ ఎందుకు విరుగుతోందో చిన్న బాణం గుర్తు వేసి రాసుకున్నాడు. లెక్కల్లో వాడికెన్ని మార్కులొస్తాయో నేను చెప్పను, కానీ ఆ పేజీ చూసి మా లెక్కల సారు వచ్చే పీరియడ్ పాఠం దాంతోనే చెప్తానన్నారు. తిట్టాను, తిట్టకపోలేదు. తిట్టాక ఆ పుస్తకం అడిగి తీసుకుని రైల్లో రెండుసార్లు చూశాను.

తొమ్మిదో తరగతిలో ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. క్లాసులో అటెండెన్స్ పలకడం తప్ప నోరు విప్పదు. జన్‌గఢ్ బొమ్మ దగ్గర ఆయన ప్రధాన్ గోండు, అంటే గోండుల కథలు పాడే తెగవాడు, అని టీచర్ చెప్పగానే "మేమూ ప్రధాన్లమే" అంది. వాళ్ల తాత నాగోబా జాతరకు వెళ్తారని, గోండు దేవుళ్ల కథలు కిక్రి అనే ఫిడేలు లాంటి వాద్యం వాయిస్తూ పాడతారని, ఆ కిక్రి ఎలా పట్టుకుంటారో చేత్తో చూపిస్తూ పది నిమిషాలు చెప్పింది. మన పిల్లలతో పాటు అక్కడున్న ఎవరో హిందీవాళ్లు కూడా ఆగి విన్నారు, వాళ్లకు తెలుగు ఒక్క ముక్క రాకపోయినా. ఆ తాతగారిని ఒకసారి స్కూలుకు పిలవాలని ఉంది. వాళ్ల నాన్నగారు ఈ ఉత్తరం చదివితే దయచేసి నాకు ఫోన్ చేయండి.

పిల్లలు వేసుకొచ్చిన బొమ్మలు శనివారం పదింటి నుంచి మొదటి అంతస్తు వరండాలో పెడుతున్నాం. రండి. నీడ గీతల పేజీ కూడా అక్కడే ఉంటుంది.

మిగతావి గబగబా: మూడో టర్మ్ ఫీజు పదో తారీఖులోగా కట్టాలి. ఎఫ్ఏ-3 పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం. ఐడీ కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఆఫీసులో చెప్పండి. సంక్రాంతి సెలవుల తేదీలు ప్రభుత్వ ఉత్తర్వు రాగానే పంపిస్తాం, రోజూ అడగొద్దు.

ఇక ఆ ఏడు ఫోన్లు నా బీరువాలో ఉన్నాయి. పిల్లల్ని పంపితే ఇవ్వను, మీరే వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. అందులో ఒకటి రోజూ పొద్దున అయిదింటికి "ట్యూషన్, లే" అని అలారం మోగుతోంది. సోమవారం రైల్లో బోగీ అంతా లేచి కూర్చుంది. నిన్న, ఇవాళ మా వాచ్‌మన్ లేచాడు. ఆ ఫోన్ ఎవరిదో వాళ్లు కాస్త ముందుగా రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు