లద్దాఖ్ స్కౌట్స్ కథ కార్గిల్‌తో మొదలుకాలేదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూలై 26న మన పత్రికలు కార్గిల్ అమరులను తలచుకుంటాయి. హైదరాబాద్‌ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య త్యాగాన్ని కొత్త తరానికి గుర్తుచేస్తాయి. చేయవలసిన పనే అది. కానీ అదే యుద్ధంలో ఆయనలాగే మహావీర చక్ర (యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో రెండోది) పొందిన మేజర్ సోనమ్ వాంగ్‌చుక్ గురించి (ఇదే పేరున్న లద్దాఖ్ ఇంజినీరు వేరు), చోర్బత్ లా కనుమ మంచుకొండల మీద ఆయన వెంట నడిచిన లద్దాఖ్ స్కౌట్స్ (లద్దాఖ్ స్థానికులతో కూడిన సైనిక రెజిమెంటు) గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి రాయకపోవడం నన్ను బాధిస్తోంది.

ఆ రెజిమెంటు పుట్టుక తెలిస్తే గానీ దాని విలువ తెలియదు. 1948లో పాకిస్తాన్ వైపు దాడిదారులు లేహ్ మీదికి వస్తున్నప్పుడు పట్టణాన్ని కాపాడేంత బలగం లేదు. లాహుల్‌కు చెందిన సైనికాధికారి పృథీచంద్, కొద్దిమంది స్వచ్ఛంద సైనికులతో నడి శీతాకాలంలో మంచు కప్పిన జోజీ లా కనుమ దాటి, తుపాకులు మోసుకుని లేహ్ చేరి, స్థానికులకు వాటిని పేల్చడం నేర్పించారు. ఆయన పిలుపు విని ముందుకొచ్చిన వారిలో పదిహేడేళ్ల చెవాంగ్ రించెన్ ఒకరు. తన నుబ్రా లోయ కుర్రాళ్లను ఇరవై ఎనిమిది మందిని కూడగట్టి ఆయన నిలబెట్టిన దళమే నుబ్రా గార్డ్స్. ఆ పోరాటానికి ఆయనకు మహావీర చక్ర లభించింది; అంత చిన్న వయసులో దాన్ని అందుకున్నవారు మరొకరు లేరు.

ఆ కుర్రాళ్ల దళం తర్వాత జమ్మూకశ్మీర్ మిలీషియాలో (స్థానికులతో ఏర్పడిన సాయుధ దళంలో) కలిసింది. 1962లో చైనా దాడి వచ్చినప్పుడు లద్దాఖ్ చౌకీల్లో నిలిచిన మిలీషియా 7వ, 14వ పటాలాలనే వేరుచేసి 1963లో లద్దాఖ్ స్కౌట్స్‌గా తీర్చిదిద్దారు. 1971 డిసెంబరులో రించెన్ మళ్లీ తన మనుషులతో ష్యోక్ లోయ వెంట సాగి తుర్తుక్‌ను, దాని చుట్టుపక్కల గ్రామాలను స్వాధీనం చేసుకుని రెండోసారి మహావీర చక్ర అందుకున్నారు. ఆ ఎత్తుల్లో మైదానాల నుంచి వచ్చిన సైనికుడికి ఊపిరి అలవాటు కావడానికే రోజులు పడుతుంది. ఏ వాగు ఎప్పుడు గడ్డకడుతుందో, ఏ వాలు ఎప్పుడు జారుతుందో అక్కడ పుట్టినవాడికి ముందే తెలుసు. ఇంతటి దళానికి పూర్తిస్థాయి పదాతి రెజిమెంటు హోదా దక్కింది మాత్రం కార్గిల్ తర్వాత, 2000లోనే. అంత ఆలస్యం తగనిదని నా దృఢమైన అభిప్రాయం.

ష్యోక్ నది మీద 2019లో ప్రారంభించిన వంతెనకు రించెన్ పేరు పెట్టారు. మన తెలుగు పాఠకులకు ఆ పేరు వెనుక ఉన్న మనిషినీ, ఆయన దళాన్నీ పరిచయం చేసే బాధ్యత పత్రికలదే. వచ్చే జూలై ప్రత్యేక పేజీల్లో 1948 నుంచి ఈ రెజిమెంటు నడిచిన దారిని వివరించే ఒక పూర్తి వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ